నల్లపెట్ట ఊపిరి

ఫిబ్రవరి 15, శనివారం

మేడమీది గది. కిటికీ ఒకటే. గాలి బాగానే వస్తోంది.

పోయిన ఆదివారపు పొద్దు మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది. ఏ విశేషమూ లేని పొద్దు. చీకటుండగానే లేచాను. ప్రార్థన. పొయ్యి మీద నీళ్లు. వెనక తలుపు తీసి బాతుల్ని వదిలాను — ఒకదాని వెనక ఒకటి చేపల చెరువు గట్టెక్కి వెళ్లిపోయాయి, రోజూలాగే గోలగోలగా. కోళ్ల గూడు తెరిచాను. అన్నీ దిగాయి, నల్లపెట్ట తప్ప. మెడ చాచి, నోరు తెరుచుకుని కూర్చుంది. గొంతులో గురగుర. ఒళ్లోకి తీసుకున్నాను. అమ్మ ఏం చేసేదో అదే చేశాను — ముక్కుకి నోరు ఆనించి తెమడ పీల్చి ఉమ్మేశాను. అలా ఎన్ని కోళ్లని బతికించిందో అమ్మ. ఉప్పునీళ్లు పుక్కిలించాను. పెట్ట తేరుకున్నట్టే అనిపించింది.

కాఫీ కలిపాను. తమ్ముడు ఆనందు చేపలకి మేత వెయ్యడానికి వెళ్లాడు. వాడి కూతురు సునీత — పురిటికి వచ్చింది, నెలలు నిండాయి — వెనక మెట్టు మీద కూర్చుని, "పెద్దత్తా, చిక్కులు" అంది. నూనె రాసి, చిక్కు తీసి, జడ వేశాను. జడ పూర్తయ్యేదాకా రబ్బరు బ్యాండు నోట్లో పట్టుకున్నాను. ఎప్పుడూ అలాగే పట్టుకుంటాను... లేచేటప్పుడు నుదుటి మీద ముద్దు కూడా పెట్టాను.

గుడిలో ఆదివారం ఆరాధన చూసుకుని వచ్చేసరికి పెట్ట చచ్చి పడి ఉంది. మర్నాటికి కోళ్లన్నీ.

నిన్న చెప్పారు. బర్డ్ ఫ్లూ.

నర్సమ్మ వచ్చింది. "కోళ్లని ముట్టుకున్నారా అండీ?"

"ముట్టుకున్నానమ్మా."

"చేతులతోనేనా?"

"నోరు కూడా పెట్టాను."

రాసుకుంటున్న చెయ్యి ఆగింది. మరదలు కుమారి సునీతని భుజం పట్టి లోపలికి తీసుకుపోయింది. నర్సమ్మే నచ్చచెప్పబోయింది.

"మనుషులకి తేలిగ్గా అంటదండి ఇది. ఎక్కడో ఒకరికి. అంటితే మాత్రం ఊపిరితిత్తులే పట్టుకుంటుంది. అందుకని కొన్నాళ్లు వేరుగా..." గొంతులో దూదిపుల్ల తిప్పి పరీక్షకి తీసుకుంది. మాత్రలిచ్చింది. బట్టలు, దిండు, సబ్బు, దువ్వెన పట్టుకుని పైకొచ్చాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

గుడి మైకు వినిపించింది. మా ఇంటి కోసం ప్రార్థించారు. మా ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. తప్పు కాదు. నేనైనా వెళ్లను.

పదిగంటలకి తెల్లని సూట్లు వేసుకుని మనుషులొచ్చారు. బాతుల కోసం.

"వీటికేం లేదు గదండీ," ఆనందు పశువుల డాక్టరుగారి వెంటపడ్డాడు. "చూడండి, ఎలా తింటున్నాయో."

"బాతుల్లో చాలాసార్లు పైకి కనపడదండి. ఒంట్లో మోసుకుని తిరుగుతాయంతే. కొల్లేటికొచ్చే పక్షులతో కలిసి మేసినవి గదా."

"అంటే జబ్బుందో లేదో తెలీకుండానేనా అండీ?"

ఆయన వాడి వైపు చూడలేదు. "ఉంచలేమండి."

కిటికీ వేసేశాను. గోల వినపడుతూనే ఉంది, తర్వాత వినపడలేదు. గొయ్యి, సున్నం. ఆనందు పొద్దు వాలేదాకా గట్టు మీదే కూర్చున్నాడు. వెళ్లి పక్కన కూర్చుందామనిపించింది. కూర్చోలేను.

ఫిబ్రవరి 17, సోమవారం

తెల్లవారుజామున మెలకువ వచ్చింది. వదలడానికి ఏమీ లేవు. మళ్లీ పడుకున్నాను.

కుమారి మెట్ల మీద కంచం పెట్టి, గరిటెతో రెయిలింగు మీద కొట్టి వెళ్లిపోతుంది. నేను దిగేసరికి మెట్లు ఖాళీ. ఈ కంచం నాకొక్కదానికే, ఈ గ్లాసు నాకొక్కదానికే. నాన్న చెప్పేవారు, ఆయన చిన్నప్పుడు హోటల్లో మనవాళ్లకి వేరే గ్లాసు ఉండేదని, తాగి కడిగి చూరులో పెట్టాలని. ఇది అది కాదు. తెలుసు. అయినా గ్లాసు చేతిలోకి తీసుకుంటే నాన్న గుర్తొస్తారు.

తాడేపల్లిగూడెం నుంచి చెల్లి రత్నం ఫోను. "పెళ్లే వద్దని ఇంతకాలం ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు నువ్వు. ఆఖరికి కోడిపెట్టకా అక్కా ముద్దిచ్చావు?" నవ్వాను. చాలాసేపు నవ్వాను. అటు అది ఏడుస్తోందని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

జ్వరం లేదు. దేవునికి స్తోత్రం. రిపోర్టు రాలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

కింద దగ్గు.

ఆనందుది కాదు. వాడి దగ్గు నాకు తెలుసు.

కిటికీలోంచి పిలిచాను. "సునీతా, నువ్వేనా?"

"దుమ్ము పెద్దత్తా. సున్నం చల్లారు గదా."

"జ్వరం చూసుకున్నావా?"

"కొంచెం."

నర్సమ్మ మళ్లీ వచ్చి దాని గొంతులోనూ దూదిపుల్ల పెట్టింది. కింద నుంచి నాతోనూ మాట్లాడింది. "మనిషి నుంచి మనిషికి రావడం బహు అరుదండి. మామూలు జలుబే అయ్యుంటుంది. కానీ నిండు గర్భిణి గదండీ, వదిలెయ్యలేం."

మామూలు జలుబే అయ్యుంటుంది. రోజంతా ఆ మాటే పట్టుకుని ఉన్నాను. మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా ప్రార్థనకి మాటలు రాలేదు, ఈ మాటే వచ్చింది.

నాకు జ్వరం లేదు. దగ్గు లేదు. ఆకలి కూడా వేస్తోంది.

బాతులకీ ఏమీ లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

రిపోర్టులు రాలేదు. నాదీ, దానిదీ. సునీతకి జ్వరం పెరిగింది. బిడ్డ కదులుతోందట.

సాయంత్రం అందరూ కింద అరుగు మీద చేరారు. ఆనందు, కుమారి. సునీత ముక్కుకి గుడ్డ కట్టుకుని దూరంగా స్తంభం దగ్గర. రత్నం ఫోన్లో, స్పీకరు పెట్టారు. నేను కిటికీలో.

"ఆ కోడి చస్తే చచ్చేది. నోరెందుకు పెట్టారు వదినగారూ?" కుమారి అడిగింది. ఇన్నాళ్లకి అడిగింది.

"ఊరుకోవే," అన్నాడు ఆనందు. "మా అమ్మున్నా అదే చేసేది."

అనుకున్నది ఇది. రేపు పొద్దున్నే కారు. సునీతని ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తారు. విషయమంతా ఫోన్లో చెప్పేశారు, వేరే గది ఇస్తామన్నారట. కుమారి వెంట వెళ్తుంది. ఆనందు నా కోసం ఇంట్లో ఉంటాడు. ఇక కోళ్లు, బాతులు పెంచరు.

బిడ్డ మొదటి స్నానం దగ్గర మాత్రం తెగలేదు. ఈ ఇంట్లో పుట్టిన అందరికీ నేనే పోశాను. నేను వచ్చేదాకా ఆపాలంది సునీత. "పిచ్చిదానా, నాన్చుతూ కూర్చుంటామా!" రత్నం ఫోన్లో అరిచింది. ఇద్దరూ పంతానికి పోయారు. నేనే చెప్పాను. ఆపొద్దు. ఎవరి చేతులు శుభ్రంగా ఉంటే వాళ్లు పొయ్యండి. సునీత పైకి చూసింది. సరే, అలాగే అనుకున్నారు.

సునీత లోపలికి వెళ్తూ ఆగింది. "పెద్దత్తా, నా దువ్వెన నీ దగ్గరే ఉండిపోయింది. కిందికి పడేస్తావా?"

నిజమే. దాని వెంట్రుకలు ఇంకా చిక్కుకునే ఉన్నాయి. వేడినీళ్లలో వేసి ఇస్తానన్నాను.

కుమారి వద్దంది.

ఏలూరులో కొత్తది కొంటారట.