బావ తప్పు, నా సంతకం

ప్రియమైన అక్కా,
నా లైసెన్సు ఆగిపోయేలా ఉంది. వరసగా వచ్చిన ట్రాఫిక్ నోటీసులతో లైసెన్సు మీద తప్పుల పాయింట్లు హద్దుకు చేరాయి. ఆర్నెల్లు వ్యాను ముట్టకూడదట. కొరియరు కంపెనీ అన్నాళ్ళు నా కోసం కాచుకుని కూర్చుంటుందా? ఉద్యోగం పోయినట్టే. మీ ప్రెస్సులో ఏదైనా పని ఉంటే చూడు. అభ్యంతరం చెప్పుకునే గడువు ఒక్క నోటీసుకే మిగిలింది. దాని నకలు పంపుతున్నా. చదివి తిట్టు.
నీ తమ్ముడు

ఒరేయ్ నాన్నా,
తిట్టడానికే కూర్చున్నా. అందులో తేదీ చూశావా? ఆ రోజంతా నువ్వు మా వంటింట్లో నిచ్చెనెక్కి రంగులు వేస్తున్నావు. ముక్కుకి కూడా పూసుకున్న ఫోటో నా దగ్గరుంది. మరి వ్యాను నడిపిందెవరు, నీ దెయ్యమా?
ఊరంతా మధ్యాహ్నంలోగా పంచెయ్యాలని మీ మెడ మీద గడియారం పెట్టేది మేనేజరు. ఎర్రదీపం దాటితే శిక్ష మీకు. ఆయన లైసెన్సు మీద ఒక్క పాయింటైనా పడిందా? దీనికి క్రమశిక్షణ అని పేరు! వంగేవాళ్ళున్నంత కాలం వంచేవాళ్ళకేం లోటు? గడువు దాటనివ్వను. నువ్వు కదలకపోతే నేనే కదులుతా.
అక్క

ప్రియమైన అక్కా,
నీ కాళ్ళు పట్టుకుంటా, ఊరుకో. ఆ రోజు నడిపింది నా పక్క రూటు డ్రైవరు. వాణ్ణి బావా అని పిలుస్తాను. మా డిపోలో ఒకడి లైసెన్సు హద్దుకొస్తే, పాయింట్లకు ఇంకా చోటున్నవాడు ఆ తప్పు తన పేరున వేసుకుంటాడు. మేనేజరే పిలిచి, "ఇవాళ నువ్వు మొయ్యి, రేపు నిన్ను వాళ్ళు మోస్తారు" అంటాడు. నడిపింది నేనేనని సంతకం పెట్టాను. ఆ వెంటనే నా సొంత తప్పులూ వచ్చి పడ్డాయి. నిజం చెబితే బావ పోతాడు, చెప్పకపోతే నేను. వాడికి పసిపిల్లలు. నేను ఒంటిగాణ్ణి. పోనీ, నన్నే పోనీ.
నీ తమ్ముడు

తమ్ముడూ,
నీ ఉత్తరం అందేసరికే నా వాంగ్మూలం, నీ ఫోటో లైసెన్సుల ఆఫీసులో ఇచ్చేశాను. వెనక్కి ఇమ్మని పరుగెత్తాను. "అయితే ఇది అబద్ధమని రాసిస్తారా అమ్మా?" అన్నాడు గుమస్తా. రాయడానికి చెయ్యి రాలేదు. నిన్ను విచారణకు పిలుస్తారు. మేనేజరు పేరు చెప్పు. గట్టిగా చెప్పు.
అక్క

ప్రియమైన అక్కా,
చెప్పాను. మేనేజరు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇవన్నీ డ్రైవర్లు వాళ్ళలో వాళ్ళు చేసుకునేవి సార్, మా దాకా రావు" అన్నాడు. తోటివాళ్ళు నేల చూశారు. ఆ నోటీసు పాయింట్లు నా మీంచి తీసేసి, తప్పుడు సంతకానికి హెచ్చరికతో వదిలారు. బావ లైసెన్సు ఆపేశారు. వాడి రూటు కూడా నాకే ఇచ్చారు. మధ్యాహ్నం గడువు మాత్రం పెంచలేదు. నువ్వు గెలిచావక్కా, ఇప్పుడు రెండు రూట్లు నావే.
వాడు తిడతాడనుకున్నా. తిట్టినా బాగుండేది. గేటు దగ్గర తన వ్యాను తాళాలు నా చేతిలో పెట్టి, "రెండో గేరు బిగుసుకుంటుంది, బలవంతం చెయ్యకు" అని చెప్పి నడిచి వెళ్ళిపోయాడు.
నీ తమ్ముడు