ఢిల్లీబాబు తోటలో తేమ కర్ర

ఉద్దానం,
సోమవారం.

రైతు సేవా కేంద్రంలో పనిచేసే సుస్మితమ్మకు కొబ్బరి రైతు ఢిల్లీబాబు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, నా మనశ్శాంతి ఒక్కటి తప్ప.

అమ్మా, మీరు మా తోటలో తేమ చూసే కర్ర పాతి వెళ్ళిన మూడో రోజే నా ఫోన్‌కి కబురొచ్చింది. ‘మీ నేలలో తేమ తగ్గింది, నీరు పెట్టండి’ అని. నిజమే, పెళ్ళికి పోయి రెండు తడులు ఎగ్గొట్టాను. ఆ సంగతి నాకూ, మా ఇంటావిడ మహాలక్ష్మికీ తప్ప ఎవరికీ తెలీదు. మరి కర్రకెవరు చెప్పారు?

నా అనుమానం మా బావ నారాయణరావు మీద. సొంత అక్క మొగుడే. కానీ తిత్లీ తుఫానుకి గట్టు మీది పనస చెట్టు పడినప్పుడు కలప ఎవరిదని తగువొచ్చింది. ఏడేళ్ళుగా మాటల్లేవు. మొగలి కంచెకి అవతలే ఆయన జీడితోట. అక్కడా ఒక కర్ర పాతారు మీరు. ఆ రెండు కర్రలూ మాట్లాడుకుంటున్నాయి.

మనం రాసుకునేది ఫోన్ వింటుందేమోనని దాన్ని బియ్యం డ్రమ్ములో పెట్టి మరీ రాస్తున్నాను.

ఇట్లు,
ఇంకా మోసపోని ఢిల్లీబాబు.

తా.క. ఉత్తరం తెచ్చే చేపల సింహాచలమ్మ మంచిదే. అయినా కవరు మెతుకులతో అంటించాను. ఆరు మెతుకులు. చూసుకోండి.


రైతు సేవా కేంద్రం,
బుధవారం.

ఢిల్లీబాబు గారికి నమస్కారం.

మావయ్యా, కర్రకి నోరూ లేదు, చెవులూ లేవు. మట్టిలో తడి ఎంతుందో చూసి మీ ఫోన్‌కి చెబుతుంది, అంతే. నీరు పెట్టమంటే పెట్టండి, చాలంటే ఆపండి. కర్రని మాత్రం కదపకండి.

మీ సుస్మిత.

తా.క. మెతుకులు ఐదే ఉన్నాయి. ఒకటి చీమ పట్టుకుపోయి ఉంటుంది. సింహాచలమ్మను ఏమీ అనకండి.


ఉద్దానం,
మూడు వారాల తర్వాత.

సుస్మితమ్మకు,

మీరు చెప్పినట్టే చేశాను. రోజూ పొద్దున్నే డ్రమ్ములోంచి ఫోన్ తీయడం, ‘తేమ చాలు, నీరు వద్దు’ అని చదవడం, మోటారు వేయకుండా కూర్చోవడం. ఇప్పుడు కొబ్బరి పిందె జలజలా రాలుతోంది. తిత్లీకి నలభై చెట్లు పోతే, ఆ గోతుల్లోనే నాటిన మొక్కలమ్మా ఇవి. బిందెలతో మోసి పోశాం. మొదటి గెలలు ఇప్పుడే వేశాయి. ఇవీ పోతే మళ్ళీ పెంచే ఓపిక నాకు లేదు.

మహాలక్ష్మి రాలిన పిందెలు కొంగులో ఏరుకొచ్చి నా ముందు పోసింది. “సెట్టుని సూడకుండా ఫోన్ని సూత్తన్నావు, నీకేటైందయ్యా?” అని ఏడ్చింది.

అవతల మా బావ మాత్రం రాత్రీ పగలూ మోటారు ఆపడం లేదు. ఆయన తోటలో కప్పలు అరుస్తున్నాయి. మీ మిషను ఎవరి పక్షమో నాకు తెలిసిపోయింది.

ఇట్లు,
మోసపోయిన ఢిల్లీబాబు.

తా.క. కర్ర క్షేమంగానే ఉంది. ఎక్కడుందని మాత్రం అడగకండి.


రైతు సేవా కేంద్రం,
శుక్రవారం.

మావయ్యకు,

ఈ ఉత్తరం అందగానే ముందు మోటారు వేయండి. తర్వాత చదవండి.

నిన్న మీరు కాశీబుగ్గ వెళ్ళినప్పుడు మీ తోటకి వచ్చాను. మీ కర్ర ఒకటో నంబరు. అది నారాయణరావు గారి తోటలో, మొగలి పొద వెనక దొరికింది. మీ మీద చాడీలు చెప్పిన బావ గుట్టు తెలుసుకుందామని మీరే పాతారట, మహాలక్ష్మి అత్త చెప్పింది.

ఆయన కర్ర రెండో నంబరు. అది మీ తోటలో, కంచె పొదలో ఉంది. అడిగితే ఆయన ఏమన్నారో తెలుసా? “ఈ కర్ర నా గుట్టు ఆడికి సెప్పేత్తంది. అందుకే ఆడి తోటలోనే పాతేసాను. ఆడి గుట్టే సెప్పనీ!”

మీ నేల ఎండుతుంటే ఆయన ఫోన్ నీరు పెట్టమంది. ఆయన పెట్టారు, తన తోటకి. ఆయన నేల తడుస్తుంటే మీ ఫోన్ చాలంది. మీరు ఆపారు. మీ కొబ్బరి ఎండింది, ఆయన జీడిచెట్లు నీట మునిగాయి. సోమవారం వచ్చి కర్రలు మార్చేస్తాను.

మీ సుస్మిత.

తా.క. మీరు కర్ర పట్టుకుని వెళ్ళినప్పుడు ఆయన తన తోటలో ఎందుకు లేరో ఎప్పుడైనా ఆలోచించారా? మీ తోటలో ఉన్నారు.


ఉద్దానం,
ఆదివారం.

చిరంజీవి సుస్మితకు,

మోటారు వేసి తిన్నగా కంచె దగ్గరికి పోయాను, తిట్టడానికే. బావ కూడా అందుకే వచ్చినట్టున్నాడు. ఎదురుపడ్డాక తిట్లు గుర్తుకు రాలేదు.

“బావా, నీ ఫోనేటంతంది?” అన్నాను.

“నువ్వెండిపోతన్నావంట. నీదేటంతంది?”

“నువ్వు మునిగిపోతన్నావంట.”

ఇద్దరికీ నవ్వాగలేదు. ఏడేళ్ళకి మా అక్క చేతి టీ తాగానమ్మా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఏడ్చాను.

కర్రలు మార్చకండి, మీకు దణ్ణం పెడతాను. రోజూ పొద్దున్నే నా తోట సంగతి ఆయన చదువుతాడు, ఆయన తోట సంగతి నేను చదువుతాను. నా ఫోన్ చెబితే నమ్మను గానీ బావ చెబితే నమ్ముతాను. మార్చేస్తే కంచె దగ్గరికి పోవడానికి మాకు వంక ఉండదు.

ఇట్లు,
మీ మావయ్య ఢిల్లీబాబు.

తా.క. ఈ కవరు బావ అంటించాడు. ఎనిమిది మెతుకులు పెట్టానంటున్నాడు. నేను చూసినప్పుడు ఏడే. లెక్క చూసి నా ఒక్కడికే రాయండి.