ఉతకని కొత్త గుడ్డ, అంచు కుట్టని బొంత

మిగిలిన రొట్టెముక్కను కూడా నేలపాలు కానివ్వకుండా గంపలకెత్తించాడు ప్రభువు. అలాంటిది గుడ్డముక్కను మురిక్కాలవలోకి తన్నడానికి నువ్వెవరివి? ఇది చదివేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పుకోండి. ఆస్తుల సంగతి తర్వాత.

వీధి మలుపులో నిలబడి వాక్యం అరిచి చెబుతానని వీధంతా "అరుపులత్త" అని పిలిచే నేను, ఏ బడి గడపా తొక్కకుండా బైబిలు గ్రంథం మీదే అక్షరాలు దిద్దుకున్నదాన్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. అక్షరాలు వంకరపోతే అది వేళ్ళ వణుకు, బుద్ధిది కాదు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత పక్కగది టైలర్‌కి అప్పగిస్తున్నాను. కత్తిరింపులు ఊడ్చి పారేయకుండా సంచిలో కట్టి నా తలుపుకి తగిలించే మనిషి అతనొక్కడే. నా ప్రసంగానికి ఒక్కనాడూ రాలేదు. అయినా ముందు వరుసలో కూర్చుని కునికే భక్తులకంటే నూరుపాళ్ళు నయం.

2. నేనుంటున్న గది, మంచం, బల్ల నా కొడుక్కి సర్వహక్కులతో చెందుతాయి. గదిలోని పేలికల మూటల మీద మాత్రం వాడికి ఏ హక్కూ లేదు. బట్టల షాపు పెట్టి, థానుల చివర మిగిలిన ముక్కల్ని కాలవలోకి తోయిస్తాడు. థూ! పైన అగరొత్తుల వాసన, వెనక కుళ్ళు కంపు. నేను వంగి ఏరుతుంటే, "అమ్మా, గిరాకీలు చూస్తున్నారే, నా పరువేం కాను?" అన్నాడు. పారేసినవాడికి లేని సిగ్గు ఏరినదానికెందుకురా?

3. నా కత్తెర, వేలికి తొడిగే ఇత్తడి టోపీ కోడలికి. ఎందుకిస్తున్నానో వినమ్మాయ్. కిందటి చలికాలం గేటు దగ్గర వాచ్‌మన్‌కి బొంత కుట్టిచ్చి ఫొటో దిగావు. బొంతలా కనబడాలని శుభ్రమైన కొత్త గుడ్డను ముక్కలు కోసి మరీ పాత దుప్పటి మీద కుట్టావు! నీ మొగుడి కాలవ నిండా ముక్కలుండగా, ముక్కల కోసం కొత్త గుడ్డను చంపుతావా? పోనీ, ఒకసారైనా తడిపావా? పాత బట్టకి ఉతకని కొత్త గుడ్డ కుట్టకూడదని గ్రంథం ఎప్పుడో హెచ్చరించింది. మొదటి ఉతుక్కే కొత్తది ముడుచుకుంది, పాతది కదల్లేదు, కుట్లన్నీ పటపటా తెగాయి. ఫొటోలో పటారం, ఒంటి మీద లొటారం. ఆ పెద్దాయన, "పర్లేదమ్మగారూ, పగలు దిండుకి పనికొస్తుంది" అని నవ్వి గోనెపట్టా కప్పుకున్నాడు. ఇదే నీతో అన్నందుకు నా గుమ్మం తొక్కడం మానేశావు. అన్నది వెనక్కి తీసుకోను. కానీ ఇదీ రాస్తున్నాను: ఈ వీధిలో నీ అంత సన్నగా, గట్టిగా కుట్టే చెయ్యి ఇంకొకటి లేదు. నీళ్ళు ముట్టించడమొక్కటే నీకు రాలేదు.

4. మంచం మీదున్న బొంత వాచ్‌మన్‌కి. కాలవలోంచి ఏరి, ఉడకబెట్టి, ఎండబెట్టిన పేలికలే అన్నీ. మూడంచులు ముగించాను. నాలుగో అంచు నావల్ల కావడం లేదు. సూదిలో దారం ఎక్కడం లేదు, ఎక్కినా వేళ్ళు నిలవడం లేదు. ఆ అంచు అలాగే వదిలేసి ఇస్తే వారంలో పీలికలవుతుంది. టైలర్ మిషన్ ఇంత మందాన్ని మింగలేదు, సూది విరిగింది. కోడలే కుట్టాలి. అంచుపట్టీ టైలర్ దగ్గరుంది. కొత్తది, తడపనిది.

5. పై అంశాలన్నీ నా అనంతరం చెల్లుతాయి, నాలుగోది తప్ప. చలి నా చావు కోసం ఆగదు. ఆ పెద్దాయన దగ్గు గోడ దాటి ఇక్కడికే వినబడుతోంది.

నవంబరు పదకొండు, ఆదివారం, ప్రార్థన కూటం ముగిశాక.

సంతకం: అరుపులత్త
సాక్షులు: ఎదురింటి నర్సు, సైకిల్ షాపు మేస్త్రి

టైలర్‌కి: ఈ కాగితాన్ని పెట్టెలో పెట్టకు, అంచుపట్టీతో పాటు తిన్నగా కోడలి చేతికివ్వు. అమ్మాయ్, నా మీద కోపం అలాగే ఉంచుకో, తప్పులేదు. బకెట్లో నీళ్ళు పట్టి ఆ పట్టీ ఇప్పుడే నానెయ్యి. ఆరగానే పట్టీ తీసుకుని రా, కత్తెర నా దగ్గరుంది. చీకటి పడేలోగా ఆ అంచు ముగియాలి. రేపు కాదు, ఇవాళే.