తొట్టిలో నాచు

అన్నయ్యా,

అందరం బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు. నీతో ఒక పని పడింది.

మీ బావ మంచం పక్కన ఉప్పునీటి తొట్టి ఉంది కదా. ఆయన మంచం పట్టాక చేపలు ఒక్కొక్కటే పోయాయి, సముద్రపు నాచు మాత్రం మిగిలింది. చేపల మలినమే దానికి ఎరువు. అవి లేకపోయేసరికి ఆకులు పాలిపోయాయి. ఆయన పడుకునే చెబుతుంటే నైట్రేటు, ఇనుము మందులు చుక్కలు చుక్కలుగా వేశాను. కొత్త చిగురు కనిపించిన రోజు ఆయన అడిగి మరీ నాలుగు ముద్దలు తిన్నారు.

నిన్న పొద్దున చూస్తే నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. రంగు పోయిన నాచు పొరలు పొరలుగా తేలుతోంది. నీళ్లు మార్చబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"వదిలెయ్. చచ్చేముందు విత్తనమంతా నీళ్లలోకి వదిలేసింది, ఆ తెలుపు అదే. ఇంకేం వేసినా తినదు."

"కొట్లో కొత్తది దొరుకుతుందేమో చూస్తానండీ."

"ఎందుకు? ఇక దానికేం పెట్టకు. నాకూ పెట్టకు."

ఆ తర్వాత మెతుకు ముట్టలేదు. డాక్టరు వచ్చి, ఆయన ఇష్టానికే వదిలెయ్యమన్నాడు. వదలడం నాకు చేతకావడం లేదు, అన్నయ్యా. చెంచా పట్టుకుని పక్కనే కూర్చుంటున్నాను. ఆయన గోడవైపు తిరుగుతున్నారు.

నువ్వొచ్చి తినమని బతిమాలితే వింటారని కాదు రమ్మంటున్నది. ఆ తొట్టి మొయ్యడం నా ఒక్కదాని వల్ల కాదు. ఆయన నిద్రలో ఉన్నప్పుడు ఇద్దరం పట్టి బయట పెడదాం. గదిలో వాసన మొదలైంది.

చెల్లి