బంగాళాదుంపల మడిలో స్వస్థత

స్కార్‌వీక్,
28 సెప్టెంబరు 1979, శుక్రవారం.

ప్రియమైన టోర్లైవ్‌కి,

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేనూ, సిన్నోవే, మీ నాన్నా, గొర్రెలూ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావనే నీ ఉత్తరం చెబుతోంది. అక్కడ కామెరూన్‌లో కొత్త బావిలో నీళ్ళు పడ్డ రోజు ఊరంతా కలిసి నిన్ను భుజాలమీద ఎత్తుకుని తిప్పారని రాశావు. సంతోషం. నడుం జాగ్రత్త.

అడిగినవాటికి జవాబులు రాస్తాను, లేకపోతే మళ్ళీ అవే అడుగుతావు. పడవల కొట్టం కప్పు ఇంకా కారుతూనే ఉంది. మీ నాన్న తనే ఎక్కి బాగుచేస్తానంటే నిచ్చెన దాచేశాను. "ఏమే, నిచ్చెన ఏదీ?" అని పొద్దున్నే మొదలుపెడతాడు. "నాకేం తెలుసు, జ్వరమనిషిని" అంటాను. "నీ జ్వరం నాకంటే రెండు ముద్దలు ఎక్కువే తింటోంది" అంటాడు. ఆయనొక్కడే ఈ ఊళ్ళో నాతో నిజం మాట్లాడేది.

సిన్నోవే బడికి పోతోంది. మన ఊరి బడికి, మధ్యాహ్నానికి ఇల్లు చేరే బడికి. చదవడం వచ్చేసింది. పిండి సంచీ మీదా, సబ్బు పెట్టె మీదా ఏం రాసుంటే అది బిగ్గరగా చదివి చంపుతోంది.

ఇక ఆఖరు ప్రశ్న. "నీ ఆరోగ్యం ఎలా ఉంది గుడ్రున్? మలేరియా ఇంకా తిరగబెడుతోందా?"

అది చదివి నాకు ఒళ్ళు మండింది. ఎవరి కోసం అడిగావయ్యా ఆ మాట? నాకు మలేరియా లేదని ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసినవాడివి నువ్వే. గురువారం స్త్రీల కూడికలో చదువుతారని రాశావు, అంతే. నీ ఉత్తరం వచ్చిందని పోస్టాఫీసులో తెలిస్తే చాలు, మలేనా పెద్దమ్మ అల్లికసంచీ పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షం. "ఏమన్నాడమ్మా మన టోర్లైవ్? కూడికకి పట్రా, అందరం విందాం." పట్టుకెళ్తాను. కాఫీలు పోసుకుని, మేజోళ్ళు అల్లుకుంటూ అందరూ చెవులు నాకిస్తారు. చదువుతూ, దాటెయ్యాల్సిన ముక్క ఎక్కడైనా ఉంటుందేమోనని వెతుక్కుంటాను. మొగుడు పెళ్ళానికి రాసిన ఉత్తరం కదా, ఒక్కటైనా ఉండాలి. నీ ఉత్తరాల్లో దాటెయ్యాల్సింది ఒక్క ముక్కా ఉండదు టోర్లైవ్.

ఈస్టర్ ముందు నేనూ పిల్లా పడవ దిగిన రోజు సంగతి నీకెప్పుడూ సరిగా రాయలేదు. రేవులో సగం సంఘం నిలబడి ఉంది. దుప్పట్లూ, వేడినీళ్ళ ఫ్లాస్కూ, మీ ఇంగెబ్రిక్ట్ కారులో తలగడా. మిషన్ పరిచర్యకి పెద్ద కదా, ఆయనే ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకుని, "టోర్లైవ్ మిషన్ రేడియోలో మాట్లాడి చెప్పాడమ్మా. ఆ పాడు జ్వరం నిన్ను వెనక్కి పంపేసిందట. ఏం పరవాలేదు, మేమున్నాం" అన్నాడు. ఆ క్షణంలోనే కాదనాల్సింది. కానీ నలుగురిలో నిన్ను అబద్ధాలకోరుని ఎలా చెయ్యను? ప్రయాణంలో అలిసిపోయి కూడా ఉన్నాను. దుప్పటి కప్పారు. కప్పించుకున్నాను.

అప్పట్నించీ ఇది నడుస్తోంది. చేప ఉండల సూపు గిన్నెలు వస్తాయి, వద్దంటే వినరు. గడ్డి కొయ్యబోతే పక్కింటాయన కొడవలి లాక్కుంటాడు. కాస్త గట్టిగా నవ్వితే, "ఆయాసం వస్తుంది, నెమ్మదిగా" అంటారు. గురువారం గురువారం నా పేరు పెట్టి ప్రార్థిస్తారు, మలేనా పెద్దమ్మయితే కళ్ళనీళ్ళు పెట్టుకుని. నేను కళ్ళు మూసుకుని, ఎదురుగా దేవుడు కూడా నన్ను చూసి నవ్వుతున్నాడేమో అనుకుంటూ కూర్చుంటాను. ప్రేమ తక్కువైతే దులుపుకుని లేచిపోవచ్చు. ఇంత ప్రేమ మీద పడితే ఎక్కడికి పోతాను? ఊపిరాడటం లేదు నాకు.

అసలు కథ మొన్న శనివారం జరిగింది. ఇంటి వెనక మడిలో బంగాళాదుంపలు తవ్వుతున్నాను. మలేనా పెద్దమ్మ ఆదివారం సాయంత్రం దాకా అక్కగారింట్లో ఉంటుందని ధైర్యం. ఆవిడేమో ముందే వచ్చేసింది. కంచె అవతల నించుని చూసేసరికి నేను పార విసిరేసి, బుట్ట నెత్తిన పెట్టుకుని, మోకాళ్ళదాకా బురదతో గంతులేస్తున్నాను.

"గుడ్రున్!" అని అరిచింది.

ఇంక దొరికిపోయాను, పీడా వదిలింది అనుకున్నాను. నిజం చెప్తున్నా, సంతోషమే వేసింది.

ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది. "స్తోత్రం! ప్రభువు విన్నాడు! నడవలేని పిల్ల గంతులేస్తోంది!"

"పెద్దమ్మా, నేనెప్పుడు నడవలేదు?" అంటే వింటేనా! ఆ వయసులో పరుగే పెట్టింది, రోడ్డుమీద కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటూ. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, నాకు స్వస్థత కలిగిందని. మీ నాన్న పైపు నోట్లోంచి తీసి, "లేని రోగం కుదరడం నేనూ ఇదే చూడ్డం" అన్నాడు.

సోమవారం ఇంగెబ్రిక్ట్ వచ్చాడు, వాఫుల్స్ తిన్నాడు, జామ్ బాగుందన్నాడు. తరవాత విషయం చెప్పాడు. ఎల్లుండి, ఆదివారం, మందిరంలో శరదృతువు మిషన్ పండుగ. ప్రసంగం అయ్యాక నేను వేదికెక్కి సాక్ష్యం చెప్పాలి. ఆ వెంటనే పెద్దలు నా మీదా సిన్నోవే మీదా చేతులుంచి మమ్మల్ని మళ్ళీ కామెరూన్‌కి పంపుతారు. "టోర్లైవ్ నాలుగేళ్ళకి ఒప్పుకున్నాడు కదా. నీ జ్వరమే అడ్డం, అదీ పోయింది" అన్నాడు.

నాలుగేళ్ళన్న సంగతి నాకు ఇంగెబ్రిక్ట్ నోట తెలిసింది టోర్లైవ్! ఆ మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. అందులో ఆఖరు పేజీలో ఉంది: "బడిలో సిన్నోవే మంచం ఇంకెవరికీ ఇవ్వకుండా అలాగే ఉంచారు." ఆ మాటా కూడికలో చదివాను. ఆడవాళ్ళంతా "అయ్యో, ఎంత మంచివాళ్ళో" అన్నారు.

నాకు అక్కడ నచ్చలేదని నువ్వు అనుకుంటున్నావు. తప్పు. వానలు ఆగాక మనం వెళ్ళిన ఆ ఎండాకాలం మొదట్లో నాకెంత బాగుండేదో! కుట్టుపని పాకలో ఆ ఊరావిడ మార్త్ పక్కన కూర్చుని, ఆవిడ భాష నేనూ నా భాష ఆవిడా ఖూనీ చేసుకుంటూ, కర్రపెండలం చెక్కుకుంటూ, స్కార్‌వీక్‌లో ఓ చలికాలమంతా నవ్వనంత అక్కడ ఒక్క పూటలో నవ్వేదాన్ని. నిన్ను చూసినా ముచ్చటేసేది. ఇక్కడ నౌకల కార్ఖానాలో నువ్వు మూలనుండే మనిషివి, ఎవరూ పేరు పెట్టి పిలవరు. అక్కడ యంత్రం ఆగితే "టోర్లైవ్ ఏడీ?" అని నాలుగూళ్ళు అడిగేవి. నువ్వు ఈల వేసుకుంటూ వచ్చేవాడివి. ఆ ఈల నీ దగ్గర్నించి లాక్కోవాలని నాకెప్పుడూ లేదు.

కానీ పిల్లకి ఏడేళ్ళు నిండాయి. ఏడేళ్ళు నిండితే మిషన్ బడి, జీపులో రెండు రోజుల దూరం, అది అందరికీ ఉన్న పద్ధతే. మనమే ముద్దుగా తీసుకెళ్ళి దిగబెట్టాం. గుర్తుందా ఆ మెట్లు? పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి పాట మొదలుపెట్టించారు. వార్డెనమ్మ మన దగ్గరికొచ్చి, "పాట అవ్వకముందే కదలండి, పిల్లలకి అదే మంచిది" అంది. రెండో చరణంలో నువ్వు జీపు తీశావు. నేను వెనక్కి తిరిగి చూశాను. సిన్నోవే నోరు తెరిచే ఉంది. పాడుతోందో ఏడుస్తోందో ఆ పాటలో తెలియలేదు. తెలియకూడదనే కదా ఆ పాట.

ఇప్పుడు మన మందిరంలో పాట ఎత్తుకుంటే చాలు, నా గౌను రెండు చేతులతో పట్టుకుంటుంది. వేళ్ళు విడదీసినా రావు. "పాటంటే ఈ పిల్లకి ఎంత భక్తో!" అంటుంది మలేనా పెద్దమ్మ.

మనం తిరిగొచ్చాక మార్త్, "పిల్లేదే?" అని అడిగింది. చెప్పాను. కత్తి కింద పెట్టేసింది. "తల్లి చచ్చిపోతే మేమూ పంపుతాం, చెల్లెలింటికో పిన్నింటికో. నువ్వు బతికే ఉన్నావుగా! ఏం రోగం నీకు?" అంది. నన్ను ఏం రోగమని సూటిగా అడిగింది ఆవిడొక్కతే.

ఇక నీకు చెప్పకుండా దాచింది చెప్తాను. సెలవులు రాకముందే నేను ఒక్కదాన్నే టపా లారీలో వెళ్ళి పిల్లని తెచ్చేసినప్పుడు, నువ్వు బావి దగ్గర్నించి వచ్చి నానా మాటలూ అన్నావు. "బెంగ పెట్టుకుంది, తిండి తినడం లేదు" అన్నాను. అబద్ధం. శుభ్రంగా తింటోంది. బుగ్గలొచ్చాయి.

నేను వెళ్ళేసరికి వరండాలోకి వచ్చింది. జడ నున్నగా ఉంది. నా ముందు నిలబడి, మోకాళ్ళు కాస్త వంచి, చెయ్యి చాపి, "వందనాలు, గుడ్రున్ అత్తా" అంది.

అక్కడ పిల్లలు మిషన్ పెద్దవాళ్ళందర్నీ అత్తా, మావయ్యా అనే పిలుస్తారు, నీకు తెలుసు. ఆటపట్టిస్తోందనుకున్నాను. నవ్వుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను. నవ్వలేదు. కాసేపయ్యాక, "మీరు ఎన్నాళ్ళుంటారు అత్తా?" అని అడిగింది, మర్యాదగా. వార్డెనమ్మ వెనకనించి, "చూశారా, ఎంత బాగా అలవాటుపడిందో!" అంది మెచ్చుకుంటూ. నేను లోపలికెళ్ళి దాని బట్టలు మూట కట్టాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు కూడా "అలవాటుపడింది కదా" అంటావేమోనని భయం. అంటే ఇంక నిన్ను క్షమించలేనని భయం.

మళ్ళీ ఆ బడికి పంపలేకే దాన్ని తీసుకుని వచ్చేశాను. ఇక్కడికొచ్చాకా పిల్ల నన్ను అమ్మా అనలేదు. నేను వద్దన్నానని అత్తా అనడం మానేసింది. ఏమీ అనకుండా, ఏం కావాలన్నా దగ్గరకొచ్చి నించునేది. ఈస్టర్ నించీ నించుంటూనే ఉంది. మొన్న శనివారం మడిలో పెద్ద దుంప ఒకటి దొరికింది, దాని తలకాయంత. రెండు చేతులా ఎత్తి, "అమ్మా! అమ్మా, చూడు!" అని కేకేసింది.

అందుకయ్యా పార విసిరేశాను. అందుకు బుట్ట నెత్తిన పెట్టుకుని గంతులేశాను. మలేనా పెద్దమ్మ చూసింది అదే.

ఎల్లుండి వేదికెక్కుతాను. సాక్ష్యం చెప్తాను. మలేనా పెద్దమ్మ అబద్ధమాడలేదని చెప్తాను, స్వస్థత నిజంగానే కలిగింది, కలిగింది నాకు కాదు అని. నాకు జ్వరం ఒక్కరోజూ రాలేదనీ, దుప్పటి కప్పితే కప్పించుకున్నాననీ, పిల్లని మెట్లమీద వదిలేశాననీ, మళ్ళీ వదలననీ అందరి ముందూ చెప్తాను. సిన్నోవేని పంపను. దేవుడే వచ్చి అడిగినా పంపను. ఈ మాట రాశాక రెండుసార్లు చదువుకున్నాను, అయినా కొట్టెయ్యడం లేదు. ఆ తరవాత ఈ ఊళ్ళో నా మొహం ఎవరు చూస్తారో తెలియదు. పెద్దమ్మ సూపు గిన్నె మళ్ళీ వస్తుందో రాదో. చాలా భయంగా ఉంది టోర్లైవ్.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఆదివారం ఎప్పుడో అయిపోయి ఉంటుంది, నువ్వు రేడియోలో ఏం చెప్పినా లాభం ఉండదు. దీనికి జవాబు కూడికలో చదవడానికి వీల్లేనట్టు రాయి. నన్ను తిట్టినా సరే. లేదా క్రిస్మస్‌కి ఇంటికొచ్చెయ్యి, కొట్టం కప్పు నీకోసం కారుతోంది.

ఎప్పుడొచ్చినా త్వరగా రా. మంగళవారం పోస్టు తెచ్చింది సిన్నోవేయే. కవరు మీద అక్షరాలు కూడబలుక్కుని చదువుకుంది. "ఎవరిదే ఆ ఉత్తరం?" అన్నాను. "టోర్లైవ్ మావయ్యది" అంది.

ఇట్లు,
సిన్నోవే వాళ్ళమ్మ,
గుడ్రున్.