చోడి అంబలిలో కలిపిన కాల్షియం

అప్పా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళ కూడా గొడవపడ్డాడు నీ తమ్ముడు, నీ కూతురి కోసం.

గౌరికి కొన్నాళ్లుగా దగ్గు, నీరసం. కుండెడు నీళ్లు తాగినా దాహం తీరదు, అచ్చం నీకులాగే. మాడుగుల సంత దగ్గర వైద్య శిబిరంలో కుర్ర డాక్టరు తలెత్తకుండానే కాల్షియం బిళ్లలు ఇచ్చేశాడు. కొండ మనిషి నీరసమంటే చాలు, తిండి లేకేనని తేల్చేస్తారు! రక్తం చూసే ఓపిక ఎవడికుంది?

"ముందు కాల్షియం ఎంతుందో చూడండి" అన్నాను.

"మీరు డాక్టరా?"

"కాదు. ఇవే బిళ్లలు మింగి పోయినావిడ తమ్ముణ్ణి."

పక్కనున్న ఆసుపత్రిలో రక్తం తీశారు, ఎక్స్‌రే కూడా. గౌరిని ఇంటికి పంపి, ఫలితాల కోసం నేను ఆగాను. బిళ్లలు దాని సంచిలోనే వెళ్లిపోయాయి.

కాల్షియం చాలా ఎక్కువుంది. ఊపిరితిత్తుల్లో నీకున్నటువంటి వాపు గడ్డలే. ఒంట్లో కాల్షియాన్ని పెంచేవి ఆ గడ్డలేనని నీ విషయంలో డాక్టర్లు చివర్లో గానీ చెప్పలేదు. రేపే గౌరిని విశాఖ తీసుకెళ్తున్నాను.

పరుగున ఇంటికొచ్చేసరికి అమ్మ బిళ్లలు నూరి చోడి అంబలిలో కలుపుతోంది. గిన్నె లాక్కున్నాను.

"ఏటిరా సేత్తన్నావు? ఒంటికి బలం కదేటి! దీని తల్లికీ రోజూ నా సేత్తోనే కలిపి తాగించాను" అంది.

ఊరందరితో తగువాడే నోరు నాది. అక్కడ అబద్ధమాడింది.

"బిళ్లలు మార్చారమ్మా" అని చెప్పి, అంబలి పెరట్లో పారబోశాను.