పదికి ఎనిమిది వచ్చిన రక్తం

సంబంధిత అధికారుల సముఖమునకు, ఎవరు సంబంధితులో తేలిన తరువాత:

అయ్యలారా, అమ్మలారా,

దిగువ సంతకం చేసిన షార్షెన్ అను నేను సమష్టి క్షేత్రంలో పశువైద్యునిగా పనిచేసి, లోయలోని గొర్రెలన్నిటికీ సూదులు పొడిచి, ప్రస్తుతం విశ్రాంతి అనుభవిస్తున్నవాడను. జిల్లా ఆసుపత్రి గుండె డాక్టరు మెలిస్ జకీపోవ్‌కూ నాకూ ఈ వేసవిలో నడిచిన ఉత్తరాలను వరుస చెదరకుండా జతపరుస్తున్నాను. మొదట వివాదం నేను గుర్రమెక్కి ఆట ఆడవచ్చునా లేదా అన్నది. ఇప్పుడు ఒక మనిషి బతుకుతాడా లేదా అన్నది. అధికారులు చదివి తీరాలని కోరను. అడ్డు రాకుంటే చాలు.

*

జిల్లా ఆసుపత్రి, గుండె విభాగం
జులై 9

గౌరవనీయులైన పెద్దన్నగారు షార్షెన్ అకేకు,

మీరు, మీ ఇల్లాలు, మీ మంద క్షేమమని తలుస్తాను. గత నెల మేతబయలులో మీ గుడారం వద్ద సేకరించిన రక్తం ఫలితాలు వచ్చాయి. ఎక్కడైనా చేసే మామూలు రక్తపరీక్ష అంకెలతోనే గుండె రక్తనాళాల్లో పూడిక ఉందేమో అంచనా వేయుటకు నేనొక సూత్రం తయారు చేస్తున్న సంగతి మీకు తెలుసు. తెల్లకణాల్లో రెండు రకాల నిష్పత్తి, ఎర్రకణాల పరిమాణాల్లో తేడా, ప్లేట్‌లెట్ల సైజు, కొవ్వు, చక్కెర, యూరిక్ ఆమ్లం కలిపి లెక్కిస్తే పదికి ఇన్ని అని మార్కు వస్తుంది. మీకు ఎనిమిది వచ్చింది. ఇది ప్యాసవడం కాదని మనవి.

కావున అరవై దాటినవారి ఉలక్ పోటీలో, అనగా గుర్రాల మీద మేక కళేబరం కోసం కొట్లాడుకొను ఆటలో, పాల్గొనుటకు మీకు ఆరోగ్య ధ్రువపత్రం నిరాకరించడమైనది. గొర్రె తోకకొవ్వు, గుర్రపు మాంసం పేగులో కూరిన కజీ, ఉప్పు టీ, పొగ తక్షణం మానవలెను. నగరానికి వెళ్లి యాంజియోగ్రామ్ చేయించుకొనవలెను. నా సూత్రం జోస్యం కాదు, అంచనా మాత్రమే. నిజం తేల్చేది ఆ పరీక్షే.

ఇట్లు,
మెలిస్ జకీపోవ్

తా.క. ఈ ఉత్తరం నకలు మీ ఇల్లాలికి విడిగా పంపాను. మన్నించండి. అనుభవం.

*

మేతబయలు
జులై 15

డాక్టరు మెలిస్ గారికి,

సలాములు. మీ అసలు కన్నా మీ నకలు ముందు చేరింది. నేను మంద దగ్గరనుంచి వచ్చేసరికి తోకకొవ్వు పొరుగు గుడారానికి వెళ్లిపోయింది.

"ఏమే కలీపా, నాకు ఏ రోగమూ లేదే" అన్నాను.

"నీకేం తెలుసయ్యా? నీ రక్తం నీకన్నా చదువుకున్నది. నోరు మూసుకుని కారెట్టు తిను" అన్నది నా ఇల్లాలు.

అయ్యా, నేను నిన్ననే ఒక పొట్టేలును మోసుకుని కనుమ దాటాను. ఆయాసపడింది పొట్టేలు. పక్క లోయ జట్టువాళ్లు అప్పుడే నన్ను గాజు గుండెవాడంటున్నారు. ఈ ఏడు ఆడకపోతే వచ్చే ఏటికి నా గుర్రానికే వయసైపోతుంది. ధ్రువపత్రం దయచేయగలరు.

ఒక సందేహం, కేవలం విజ్ఞాన దృష్టితో. ఒక మనిషి ఉన్నాడనుకోండి. నేను కాదు. పొగ హానికరమని పదిమందికీ ఉపన్యాసమిచ్చి, గుడారం వెనక్కి పోయి తాను కాలుస్తాడు. కొవ్వు తినరాదంటూనే రెండోసారి పళ్లెం చాపుతాడు. ఆ సంగతి వాడి రక్తంలో తెలుస్తుందా?

విధేయుడు,
షార్షెన్

తా.క. కారెట్టును గుర్రం ముందు పెట్టాను. అది నా ముఖం చూసి, సగం నాకే వదిలింది.

*

జిల్లా ఆసుపత్రి
జులై 21

షార్షెన్ అకేకు,

ఆ "ఒక మనిషి" ఎవరో గ్రహించలేనంత అమాయకుణ్ణి కాను. అయినా ఒప్పుకున్నందుకు అభినందనలు. పొగ తాగేవాడి తెల్లకణాలు దాదాపు ఎప్పుడూ గోల చేస్తూనే ఉంటాయి, తెలుస్తుంది. మీ పొగాకు ఎక్కడ దాచారో వెతకవలసిందిగా మీ ఇల్లాలికి రాశాను. మీ తమ్ముడి కోడలు, మా నర్సు అయిన సయ్రాను కూడా తోడు పంపుతున్నాను.

ఇక ఒక సొంత విన్నపం. మీరు శనివారం సంతలో బతికున్న పొట్టేలును భుజాన వేసుకుని పాట పాడుకుంటూ తిరిగారట. మా ప్రధాన వైద్యుడు కిటికీలోంచి చూశాడు. "మీ ఎనిమిది మార్కుల రోగి ఆయనేనా డాక్టర్? సూత్రం బాగుంది, చెత్తబుట్టలో ఇంకా బాగుంటుంది" అన్నాడు. నా పదేళ్ల శ్రమ ఈ సూత్రం. ఇది నిలబడితే యంత్రాలు లేని లోయల్లో మనుషులు ముందే మేలుకుంటారు. కనుక యాంజియోగ్రామ్ అయ్యేవరకైనా, దయచేసి, కాస్త రోగిలా నడవగలరా?

ఇట్లు,
మెలిస్

తా.క. మీ ఉత్తరాలు చదివినప్పుడల్లా నాకు ఎడమ భుజం లాగుతున్నది. మీ వలన నా ఆరోగ్యం కూడా పాడవుతున్నదని రికార్డు కోసం తెలియజేస్తున్నాను.

*

మేతబయలు
జులై 26

డాక్టరు మెలిస్ గారికి,

మా ఇంట సోదా పూర్తయినది. పొగాకు దొరకలేదు, ఎందుకనగా నేను పుట్టిన తరువాత ఒక్కసారీ కాల్చలేదు. కాని జీను కింద దాచిన కజీ దొరికింది. నలభై ఏళ్ల కాపురంలో కలీపా నన్ను ఆ విధంగా ఎన్నడూ చూడలేదు.

రెండో సందేహం. వెనుకటి ఉత్తరంలో చెప్పిన మనిషే. ఏటవాలు ఎక్కుతూ మాటిమాటికి ఆగుతాడు. "ఏమైంది?" అంటే "పూలు చూస్తున్నాను" అంటాడు. మా కొండకు ఆ వైపున పూలు లేవు. మేక కూడా తల ఎత్తుకుని దాటిపోయే రాతినేల. దీని భావమేమి? త్వరగా తెలుపగలరు. ఈ మధ్య నాకు నిద్ర పట్టడం లేదు.

మీరు చెప్పిన యాంజియోగ్రామ్‌కు నేను సిద్ధమే, ఒక్క షరతు మీద. ఆ బల్లమీద ముందు మీరు పడుకోవాలి.

షార్షెన్

తా.క. ఎడమ భుజమా? సరిగ్గా చూసుకుని రాయండి. కుడి అయితే బాగుండును.

*

జిల్లా ఆసుపత్రి
జులై 30

షార్షెన్ అకేకు,

మీ సందేహానికి వైద్యపరంగా, అధికారికంగా జవాబిస్తున్నాను. లేని పూలు చూసేవాడి గుండె ఊపిరి కోసం బతిమాలుతున్నదని అర్థం. దానికి తోడు పదికి ఎనిమిది మార్కులంటే, అటువంటివాడు ఒక్కరోజైనా జాగు చేయరాదు. వాడు మొండికేస్తే బంధువులు తాళ్లతో కట్టి అయినా నగరానికి చేర్చాలి. దీనిని నా లిఖితపూర్వక ఆదేశంగా భావించవచ్చును.

మీరు ముందు పడుకోండనడం మాత్రం పసిపిల్లల పంతం. ఇంత వయసు వచ్చి సూదికి భయపడడానికి సిగ్గుండాలి, అకే. నాకు యాభై రెండేళ్లు. గుర్రంలా ఉన్నాను.

మెలిస్

తా.క. పోస్టాఫీసు దాకా నడిచే ఓపిక లేక ఈ ఉత్తరం సయ్రా చేత పంపుతున్నాను. ఎండ ఎక్కువగా ఉన్నది.

*

జిల్లా ఆసుపత్రి, నీ గది బయటి బెంచీ
జులై 31

తమ్ముడు మెలిస్‌కు,

ఇది పోస్టులో వచ్చిన ఉత్తరం కాదు. నేనే తెచ్చాను. తలుపు సందులోంచి నిన్ను చూస్తూనే ఉన్నాను, కూర్చుని చదువు. నిన్న నీ ఉత్తరం ఇచ్చి సయ్రా ఒక మాట అన్నది: "మామగారూ, ఎండ లేదండీ. రెండు రోజులనుంచి మబ్బే." అప్పుడే గుర్రానికి జీను వేశాను.

నువ్వు మా గుడారానికి వచ్చిన రోజు మేమెవ్వరం చొక్కా చేయి మడవలేదు. అప్పుడు నువ్వే నీ చేయి చాపి, "చూడండి, చీమ కుట్టినంత కూడా ఉండదు" అని సయ్రా చేత నీ రక్తం తీయించావు. ఆ గొట్టాన్ని అక్కడే తివాసీ మీద వదిలి, నా ఎదుటి నుంచే గుడారం వెనక్కి పొగ తాగడానికి వెళ్లావు. సయ్రా నా దగ్గరకు వచ్చింది. ఆమె మా ఇంటి కోడలు. మా ఆచారం ప్రకారం మామగారి వరుసైన నా పేరు పలకరాదు, రాయరాదు. అందుకని ఖాళీ చీటీ నా చేతికిచ్చి, మర్యాదగా ముఖం అటు తిప్పుకుంది. నేను నా పేరు రాసి, నిండి ఉన్న ఆ గొట్టానికి అంటించాను. ఆమె తిరిగి చూసేసరికి మోచేతికి దూది నొక్కుకుని మూలుగుతున్నాను. వెళ్లేముందే నువ్వు తీశావనుకుంది ఆమె. ఆమె తీసిందనుకున్నావు నువ్వు.

సూది పొడిచినప్పుడు ప్రతి గొర్రె నా వంక ఒక చూపు చూసేది, తమ్ముడూ. ఆ చూపు నా ముఖాన పదిమందీ చూస్తారేమోనని భయం. అంతకుమించి సాకు లేదు.

నీకొక శుభవార్త, ఒక అశుభవార్త. రెండూ ఒకటే: నీ సూత్రం పనిచేస్తున్నట్టుంది. ఆ ఎనిమిది నీది. తప్పని రుజువు చేయదలచుకుంటే, ఆ బల్లమీదే చేయి. రుజువయ్యాక నన్ను తిట్టు.

కలీపాకు నిజం చెప్పాను. తోకకొవ్వు తిరిగి వస్తుందనుకున్నాను. "అయితే నీ రక్తంలో ఏముందో ఇంకా ఎవరికీ తెలియదన్నమాట" అని, ఇంకొక కారెట్టు తరిగింది.

మీ ప్రధాన వైద్యుడితో మాట్లాడాను. నగరంలో బల్ల సిద్ధం చేయించాడు. జీపు వాకిట్లో ఉంది; నీ లిఖితపూర్వక ఆదేశం ప్రకారం తాడు కూడా తెచ్చాను. సయ్రా ముడులు వేయడంలో దిట్ట. మెట్ల దగ్గర పూలు చూడాలనిపిస్తే చెప్పు, తొందరేమీ లేదు, నేను మోస్తాను. నువ్వు పొట్టేలు కన్నా తేలికే.

ఈ ఉత్తరాలన్నిటి నకళ్లు అధికారులకు పంపుతూ, ఈ క్రింది డిమాండును లాంఛనంగా నమోదు చేయుచున్నాను.

డిమాండు నం. 1: డాక్టరు మెలిస్ జకీపోవ్ ఈ క్షణమే బయలుదేరి, వైద్యం చేయించుకుని, బతికి, తిరిగి వచ్చి, తన చేత్తో నా రక్తం తీసి, అవసరమని తోస్తే నాకు ధ్రువపత్రం మళ్లీ నిరాకరించవలెను.